బగ్‌ను మళ్లీ రప్పించడం: ప్యాకేజీ మెటాడేటా ఫైళ్లు, తెలుగు అక్షరాలు

గుడుపల్లె అని తెలుగులో రాస్తే కంప్యూటరు దాన్ని 27 బైట్లుగా దాచుకుంటుంది. గ, కొమ్ము, డ, కొమ్ము, ప, ల, పొల్లు, ల, ఎత్వం: మొత్తం 9 సంకేతాలు, యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి 3 బైట్లు. చిత్తూరు జిల్లాలో కుప్పం పక్కనున్న ఈ మండల కేంద్రం పేరును ఒక పైథాన్ ప్యాకేజీ రీడ్‌మీ ఫైలులో మొట్టమొదటి మాటగా పెట్టామనుకుందాం. లినక్స్ మీద ప్యాకేజీ చక్కగా ఇన్‌స్టాల్ అవుతుంది. సెటప్ ఫైలును పాత అలవాటు ప్రకారం రాసి ఉంటే, అదే ప్యాకేజీ విండోస్ మీద ఆరో బైటు దగ్గర ఆగిపోతుంది. గుడుపల్లె తీసేసి కడప అని పెడితే ఆగదు, కానీ ఆ మూడక్షరాల చోట తొమ్మిది అర్థంలేని గుర్తులు చేరతాయి. ఒకే తప్పు, రెండు ఊర్లకు రెండు రకాలుగా కనబడుతోంది.

ఇలాంటి తప్పును ఇంకొకరి కంప్యూటర్లో, ఇంకొక రోజున, కావాలన్నప్పుడల్లా జరిగేలా చేసి చూపడాన్నే బగ్‌ను రీప్రొడ్యూస్ చేయడం అంటారు. హైదరాబాదు, బెంగళూరు ఆఫీసుల్లో తెలుగు ఇంజనీర్లు దీన్ని క్లుప్తంగా ‘రెప్రో’ అంటారు. ‘రెప్రో దొరికిందా?’ అని అడిగారంటే సగం పని అయిందా అని అడిగినట్టే. దొరక్కపోతే వినబడే మాట ‘నా మెషిన్‌లో బాగానే పనిచేస్తోంది’. చాలా బగ్ రిపోర్టులు ఆ మాటతోనే మూతపడతాయి. బాధపడిన మనిషి చెప్పింది నిజమే, చూసిన ఇంజనీరు చెప్పిందీ నిజమే. ఇద్దరి యంత్రాల మధ్య ఉన్న తేడా ఏమిటో తేలకపోవడమే చిక్కు.

మెటాడేటా అంటే

సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ప్యాకేజీల రూపంలో ప్రయాణిస్తుంది. ప్రతి ప్యాకేజీ వెంట ఒక చిన్న వివరాల ఫైలు ఉంటుంది. పేరు, వెర్షన్, ఎవరు నిర్వహిస్తున్నారు, ఇది పనిచేయాలంటే ఇంకా ఏ ప్యాకేజీలు కావాలి, దేనికి ఉపయోగపడుతుంది అన్నవి అందులో రాసి ఉంటాయి. గోనె బస్తాకు కుట్టిన చీటీ లాంటిదది. బస్తాలో సరుకు ఎంత మంచిదైనా చీటీ చదవలేకపోతే గోడౌన్‌లోకి వెళ్లదు. ఆ చీటీని చదివి ముక్కలుగా విడదీసే ప్రోగ్రామే పార్సర్.

1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన డెబియన్ లినక్స్‌లో ఈ చీటీని కంట్రోల్ ఫైలు అంటారు. దాని తీరు 1982లో ఈమెయిల్ కోసం వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 822 ప్రమాణం నుంచి తెచ్చుకున్నది. ఫీల్డు పేరు, కోలన్, విలువ. విలువ పొడుగైతే తర్వాతి లైను ఖాళీతో మొదలవ్వాలి. వివరణ మధ్యలో ఖాళీ లైను కావాలంటే ఖాళీతో పాటు ఒక చుక్క పెట్టాలి. ఆ చుక్క మరిచిపోతే అక్కడితో ఒక ప్యాకేజీ వివరం ముగిసిందని పార్సర్ అనుకుంటుంది. మిగతా పేరాను కొత్త ప్యాకేజీగా చదవబోయి, దానికి పేరే లేదని ఆగిపోతుంది. మనిషి కంటికి రెండు ఫైళ్లూ ఒకటే. వర్డ్ ప్రాసెసర్ నుంచి కాపీ చేసిన లైను మొదట్లో మామూలు ఖాళీకి బదులు ‘నాన్ బ్రేకింగ్ స్పేస్’ వచ్చి కూర్చుంటే ఇంకా ఇబ్బంది. తెర మీద అది ఖాళీయే, పార్సర్‌కు మాత్రం అది అక్షరం.

పైథాన్ కూడా ఈమెయిల్ శీర్షికల పద్ధతినే తీసుకుంది. 2001లో పెప్ 241 అనే పత్రంతో మెటాడేటాకు మొదటి రూపం వచ్చింది. జావాస్క్రిప్ట్ లోకంలోని ఎన్‌పీఎం జేసన్ రూపాన్ని, రూబీ యామల్ రూపాన్ని ఎంచుకున్నాయి. ఎంచుకున్న రూపాన్ని బట్టి వచ్చే రోగాలూ వేరు.

డెబియన్ భాండాగారంలో తెలుగు ప్యాకేజీలు చాలాకాలంగా ఉన్నాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు ఒక ప్యాకేజీలో దొరుకుతాయి. ప్రవాసాంధ్రుల సంస్థ సిలికానాంధ్ర తెలుగు విజయం ప్రాజెక్టు ఫాంట్లు ఇంకో ప్యాకేజీలో ఉన్నాయి. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ ఉద్యమం గ్నూ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చింది. కాబట్టి మెటాడేటా ఫైలులో తెలుగు అక్షరం ఉండటం ఊహించి చెప్పే సందర్భం కాదు. ఫాంటు పేరు, రచయిత పేరు, ఊరి పేరు, వివరణ: ఎక్కడైనా తెలుగు రావచ్చు, రావాలి కూడా.

ఆరో బైటు దగ్గర ఏం జరిగింది

ఇక గుడుపల్లె దగ్గరికి తిరిగి వద్దాం. ఈ ఉదాహరణ విప్పి చూడదగ్గది.

ప్యాకేజీ వివరణ కోసం సెటప్ ఫైలు రీడ్‌మీని తెరిచి చదువుతుంది. పైథాన్‌లో ఫైలు తెరిచేటప్పుడు ఏ ఎన్‌కోడింగ్‌లో, అంటే బైట్లను అక్షరాలుగా మార్చే ఏ పద్ధతిలో, చదవాలో చెప్పకపోతే, అది ఆపరేటింగ్ సిస్టమ్ అలవాటును పాటిస్తూ వచ్చింది. ఈనాటి లినక్స్‌లో ఆ అలవాటు యూటీఎఫ్-8. ఇంగ్లీషు (ఇండియా) అమరికతో ఉన్న విండోస్‌లో అది పశ్చిమ యూరప్ భాషల కోసం చేసిన విండోస్-1252 అనే పట్టిక. ఒక్క బైటుకు ఒక్క అక్షరం చొప్పున అందులో 256 గదులుంటాయి. వాటిలో అయిదు గదులు ఖాళీ: 129, 141, 143, 144, 157. ఆ సంఖ్య ఎదురైతే పైథాన్ ఇక ముందుకు వెళ్లదు. ఫలానా స్థానంలోని బైటును చదవలేనని చెప్పి ఆగుతుంది.

యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం మొదటి బైటు ఎప్పుడూ 224. రెండోది 176 లేదా 177. అక్షరాన్ని బట్టి మారేది ముఖ్యంగా మూడో బైటు. కొమ్ము రాస్తే 224, 177, 129. పొల్లు రాస్తే 224, 177, 141. రెండూ ఖాళీ గదుల్లోనే పడ్డాయి. వీటితో పాటు అరసున్న, ఏ, ఐ, ఝ కూడా ఆ గదుల్లోకే వెళ్తాయి. కొమ్ము లేకుండా, ఒత్తక్షరం లేకుండా తెలుగులో ఒక పేరా రాయడం దాదాపు అసాధ్యం. అంటే విండోస్ మీద ఈ తప్పు తెలుగు రచయితకు తరచుగా తగిలేదే కానీ అరుదైనది కాదు.

ఊరి పేర్లను వరసగా పెట్టి చూస్తే విషయం ఇట్టే బోధపడుతుంది. గుడుపల్లె, కుప్పం, పుంగనూరు మూడింట్లోనూ రెండో సంకేతం కొమ్మే, కాబట్టి మూడూ ఆరో బైటు దగ్గర ఆగుతాయి. మదనపల్లెలో కొమ్ము లేదు. పొల్లు దాకా ప్రయాణం సాగి పద్దెనిమిదో బైటు దగ్గర ఆగుతుంది. తిరుపతి పన్నెండో బైటు దగ్గర. కడప, కాకినాడ, విజయవాడ అసలు ఆగవు. పైథాన్ లెక్క సున్నాతో మొదలవుతుంది గనుక గుడుపల్లె విషయంలో ఎర్రర్ సందేశంలో స్థానం 5 అని కనబడుతుంది. ఫైలులో దానికి ముందు ఇంకేమైనా రాసి ఉంటే ఆ సంఖ్య అంత మేర జరుగుతుంది.

ఇక్కడే రెప్రో వేటలో పెద్ద ఉచ్చు ఉంది. గుడుపల్లె నుంచి ఒకరు ‘తెలుగు రీడ్‌మీ పెడితే ప్యాకేజీ ఇన్‌స్టాల్ కావట్లేదు’ అని రాశారనుకుందాం. చూసే ఇంజనీరు తన విండోస్ యంత్రం మీదే, నిజాయితీగానే, విజయవాడ అని రాసి ప్రయత్నించాడు. ఎర్రర్ రాలేదు. ‘రీప్రొడ్యూస్ కాలేదు’ అని రాసి మూసేశాడు. అతను చేసిన తప్పు ఒక్కటే: తెలుగంతా ఒకటే అనుకున్నాడు. పైగా అతనికి ఎర్రర్ రాకపోవడం విజయం కాదు. విజయవాడ బైట్లు గజిబిజి గుర్తులై మెటాడేటాలోకి చేరిపోయాయి. ఆగిపోయిన గుడుపల్లె కంటే ఆగకుండా చెడిపోయిన విజయవాడ వల్లే ఎక్కువ నష్టం. ఆగిన చోట కనీసం ఎవరో ఒకరు చూస్తారు.

ఇదే ప్యాకేజీని భాషా అమరిక ఏదీ పెట్టని చిన్న లినక్స్ కంటైనర్‌లో, పైథాన్ 3.6తో నడిపితే మూడో రకం ఫలితం వస్తుంది. అక్కడ అలవాటు ఎన్‌కోడింగ్ ఆస్కీ. ఆస్కీ 127తో ముగుస్తుంది, తెలుగు మొదటి బైటే 224. కాబట్టి కడప, గుడుపల్లె తేడా లేకుండా ప్రతి ఊరూ గడప దగ్గరే ఆగిపోతుంది. 2018లో వచ్చిన పైథాన్ 3.7 ఈ పరిస్థితిని మార్చింది. పెప్ 538, పెప్ 540 ప్రకారం అలాంటి చోట యూటీఎఫ్-8నే వాడటం మొదలైంది. దాంతో 3.6లో వచ్చే బగ్ 3.7లో రాదు. విండోస్ విషయం మాత్రం అలాగే మిగిలింది. అన్ని చోట్లా యూటీఎఫ్-8నే అలవాటుగా చేయాలన్న పెప్ 686 నిర్ణయం పైథాన్ 3.15కు సంబంధించినది.

సవరణ ఒక్క మాట: ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చెప్పడం. ఆ ఒక్క మాట రాయడానికి అయిదు సెకన్లు చాలు. ఎక్కడ రాయాలో తెలుసుకోవడానికి కావలసింది రెప్రో.

రాయి నుంచి బంగారం దాకా

గుడుపల్లె మండలానికి బంగారంతో సంబంధం ఉంది. చిగురుగుంట, బిసానత్తం గనులు కోలారు బంగారు గనుల ప్రాంతానికి దక్షిణపు కొసలోనివి. భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ 2001లో మూతపడటంతో అవీ ఆగిపోయాయి. గనిలోంచి తీసిన రాతిలో బంగారం ఉందో లేదో తేల్చాలంటే దాన్ని నలగ్గొట్టి, పొడి చేసి, నమూనాను తగ్గించుకుంటూ పోయి, చివరికి కొద్ది గ్రాముల్లో చూస్తారు. బగ్ విషయంలోనూ చేసేది అలాంటి పనే. పెద్ద ఫైలులో తప్పుకు సంబంధం లేని రాయంతా తీసేసి, తీస్తే తప్పు మాయమయ్యే ముక్కను మాత్రం మిగల్చాలి.

128 లైన్ల రీడ్‌మీని సగానికి కోసి, ఏ సగంలో తప్పు మిగిలిందో చూసి, దాన్ని మళ్లీ సగం చేస్తూ పోతే ఏడు కోతల్లో ఒక్క లైను దగ్గరికి చేరతాం. అన్నిసార్లూ ఇంత సులువుగా కుదరదు. తప్పుకు రెండు లైన్లు కావాల్సి ఉండి, అవి చెరో సగంలోకి పోతే రెండు సగాల్లోనూ బగ్ కనబడదు. ఈ చిక్కును పద్ధతిగా విప్పే మార్గాన్ని జర్మనీకి చెందిన ఆండ్రియాస్ జెల్లర్, రాల్ఫ్ హిల్డెబ్రాంట్ చూపించారు. దాని పేరు డెల్టా డీబగ్గింగ్. 2002లో వచ్చిన వాళ్ల వ్యాసంలోని ఉదాహరణ ఇప్పటికీ పాఠాల్లో వినబడుతుంది. మొజిల్లా బ్రౌజరును కూల్చేసే 896 లైన్ల వెబ్ పేజీని ఆ పద్ధతి ఒక్క లైనుకు కుదించింది. ఆ బగ్‌ను రప్పించడానికి చేసిన 95 క్లిక్కులు, కదలికల్లో నిజంగా అవసరమైనవి 3 అని తేలింది.

పార్సర్ ప్రోగ్రామ్ ఏ మార్పుతో చెడిందో తెలుసుకోవడానికీ ఇదే సగం సగం లెక్క. ప్రోగ్రామ్‌లోని మార్పుల చరిత్రను దాచే గిట్‌లో బైసెక్ట్ అనే ఆదేశం ఉంది. వెయ్యి మార్పుల్లో దోషి ఎవరో పది పరీక్షల్లో చెబుతుంది. ఒక్కటే షరతు: రెప్రో నమ్మదగినదిగా ఉండాలి. ఒకసారి వచ్చి ఒకసారి రాని బగ్‌తో బైసెక్ట్ తప్పుడు మార్పు వైపు వేలు చూపిస్తుంది. ఇలా దాగుడుమూతలాడే వాటిని హైసెన్‌బగ్‌లంటారు. టాండెమ్ కంప్యూటర్స్‌లో పనిచేసిన జిమ్ గ్రే 1985లో రాసిన నివేదికలో ఈ మాట వాడాడు. ఎప్పుడు చూసినా ఒకేలా కనబడే బగ్‌కు అతని మాట బోర్‌బగ్. మెటాడేటా పార్సింగ్ బగ్‌లు ఒక విధంగా మేలు. ఫైలు, ప్రోగ్రామ్ వెర్షన్, పరిసరాలు ఈ మూడూ పట్టుకుంటే దాదాపు అన్నీ బోర్‌బగ్‌లే. పట్టుకోనంత కాలం దయ్యాల్లా కనబడతాయి.

రెండు పార్సర్లు, ఒక ఫైలు

మెటాడేటా బగ్‌లలో పెద్ద కుటుంబం ఒకటుంది. ఒకే ఫైలును ఇద్దరు చదువుతారు, ఇద్దరూ వేర్వేరుగా అర్థం చేసుకుంటారు.

రూబీ సమాజం 2011లో ఇది అనుభవించింది. అప్పుడు యామల్‌ను చదివే పాత పార్సర్ సిక్ నుంచి కొత్త పార్సర్ సైక్‌కు మారుతున్న సమయం. కొత్త వాతావరణంలో తయారైన ప్యాకేజీల వివరాల్లో తేదీ పక్కన గంటలు, నిమిషాలు, తొమ్మిది దశాంశాల సెకన్లు, చివర జెడ్ అక్షరం చేరాయి. రూబీ ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే రూబీజెమ్స్ పాత వెర్షన్ వాటిని చూసి ‘తేదీ రూపం చెల్లదు’ అని నిరాకరించింది. ఎవరో ఎక్కడో కట్టిన ప్యాకేజీ, ఇంకెవరి యంత్రం మీదో ఆగిపోయింది. అదే కాలంలో ఇంకో వింత: ఫలానా వెర్షనే కావాలని చెప్పే ఈక్వల్ గుర్తును సిక్ వేరే అర్థంలో తీసుకుంది. దాంతో వెర్షన్ నిబంధన ఉండాల్సిన చోట పార్సర్ లోపలి వస్తువు పేరు ప్రత్యక్షమైంది. ఈ బగ్‌లకు రెప్రో రాయాలంటే చదివే యంత్రం వివరాలు ఇస్తే సరిపోదు, ప్యాకేజీని కట్టిన యంత్రం వివరాలూ కావాలి. చాలా రిపోర్టుల్లో లేనిది అదే.

యామల్ ఇంకో పాఠం కూడా నేర్పింది. 2021 అక్టోబరులో పైథాన్ 3.10 విడుదలయ్యాక ఎందరో తమ అమరిక ఫైళ్లలో 3.10 అని కొటేషన్లు లేకుండా రాశారు. యామల్ దాన్ని దశాంశ సంఖ్యగా చదివి, చివరి సున్నాకు విలువ లేదని తీసేసి, 3.1 అని అందించింది. 3.9 దాకా ఏళ్ల తరబడి సరిగ్గా నడిచిన ఫైలు ఒక్క సంఖ్య మారగానే తిరగబడింది. నార్వే దేశపు రెండక్షరాల సంకేతాన్ని పాత యామల్ ‘కాదు’ అని చదవడం కూడా ఈ కోవలోదే.

వెర్షన్ రాతలో ఏళ్లుగా చూసీచూడనట్టు పోయిన తప్పులు పైథాన్‌లో 2024 జూన్‌లో బయటపడ్డాయి. ‘3.6.* లేదా అంతకంటే ఎక్కువ’ అనే రకం నిబంధనలు పెప్ 440 ప్రకారం చెల్లవు. నక్షత్రం గుర్తు సమానం, సమానం కాదు అనే రెండింటితోనే వాడాలి. పైథాన్ ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే పిప్ పాత వెర్షన్లు ఓర్చుకున్నాయి, పిప్ 24.1 ఓర్చుకోలేదు. నిన్నటిదాకా ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీ ఒక్క అక్షరం మారకుండానే చెల్లని మెటాడేటా అయిపోయింది. ఇక్కడ పార్సర్‌ది తప్పు అనలేం. ప్రమాణాన్ని పాటించింది అదే. అయినా వాడేవాడికి తగిలిన దెబ్బ నిజం. అందుకే మంచి రిపోర్టులో ‘ఇంతకు ముందు ఏ వెర్షన్‌తో పనిచేసింది’ అన్న లైను తప్పక ఉండాలి.

తెలుగు అంకెలు కూడా ఈ కుటుంబంలో చేరతాయి. పైథాన్ 3 తెలుగు అంకెల్ని అంకెలుగానే గుర్తిస్తుంది. ౨౫ అనే తెలుగు రాతను సంఖ్యగా మార్చమంటే 25 ఇస్తుంది. అంకె అనే సాధారణ గుర్తుతో రాసిన రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ తెలుగు అంకెల వెర్షన్‌ను ఒప్పుకుంటుంది. 0 నుంచి 9 దాకా అని విడిగా రాసినది ఒప్పుకోదు. ఒకే ప్యాకేజీ ఒక పరికరంలో చెల్లి, ఇంకో పరికరంలో చెల్లకపోవడానికి ఇంత చాలు.

ఇలాంటి తేడాలు భద్రతకూ ముప్పే. 2013 జనవరి 30న రూబీజెమ్స్ కేంద్ర సర్వర్‌లోకి చొరబాటు జరిగింది. దారి ఇచ్చింది ఒక ప్యాకేజీ మెటాడేటాలో పెట్టిన యామల్. 2017లో కౌచ్‌డీబీ అనే డేటాబేసులో బయటపడిన లోపంలో, జేసన్‌లో ఒకే కీ రెండుసార్లు వస్తే ఒక పార్సర్ మొదటిదాన్ని, మరొకటి చివరిదాన్ని తీసుకోవడం వల్ల మామూలు వాడుకరికి నిర్వాహకుడి అధికారం దక్కే వీలు కలిగింది. ఎన్‌పీఎంలో రిజిస్ట్రీ చూపించే వివరాలు, ప్యాకేజీ లోపలి వివరాలు సరిపోలుతున్నాయో లేదో తనిఖీ జరగడం లేదని 2023లో వెల్లడైంది. చీటీ మీద ఒకటి, బస్తాలో ఒకటి.

జ్ఞా చెప్పిన సంగతి

తెలుగు అక్షరం వల్ల ప్రపంచమంతా గగ్గోలెత్తిన బగ్ ఒక్కటే. 2018 ఫిబ్రవరిలో ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లకు ఒక తెలుగు అక్షరం పంపితే మెసేజ్ యాప్ కూలిపోయేది. కొన్నిసార్లు ఫోనే మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అయ్యేది. పత్రికలన్నీ అది జ్ఞా అని రాశాయి. ఇది మెటాడేటా బగ్ కాదు, తెర మీద అక్షరాన్ని గీసే భాగంలోని లోపం. రెప్రో గురించి మాత్రం ఇంతకంటే మంచి తెలుగు పాఠం లేదు.

ఎందుకంటే మామూలుగా టైప్ చేసిన జ్ఞా ఏ ఫోన్‌నూ కూల్చలేదు. విజ్ఞానం అని రోజూ టైప్ చేసే లక్షల మంది ఫోన్లు భద్రంగానే ఉన్నాయి. కూల్చిన వరసలో అయిదు సంకేతాలున్నాయి: జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనబడని ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’, చివర దీర్ఘం. నాలుగోది కనబడదు. స్క్రీన్‌షాట్ చూసి టైప్ చేసినవాళ్లకు బగ్ రాలేదు, కాపీ చేసి అతికించినవాళ్లకు వచ్చింది. కంటితో చూసి అక్షరాన్ని తిరిగి రాయడం, బైట్లను అలాగే తీసుకెళ్లడం ఒకటి కావని ఇంత స్పష్టంగా చెప్పిన సంఘటన మరొకటి లేదు.

అప్పుడు మొజిల్లాలో పనిచేస్తున్న ఒక ఇంజనీరు అక్షరాలు మార్చి మార్చి పరీక్షించి, ఇది జ్ఞా ఒక్కదాని సమస్య కాదని తేల్చాడు. తెలుగులో ఒత్తుగా వచ్చే హల్లు ఏదైనా సరే ఆ వరసలో బగ్ రప్పించగలదు. దేవనాగరి, బెంగాలీ లిపుల్లో కూడా కొన్ని హల్లులతో అదే జరుగుతుంది. తెలుగు గుణింతాల్లో ఐత్వం మాత్రం తప్పించుకుంది. దాన్ని గీయడానికి రెండు భాగాలు కావాలి, మిగతావాటికి ఒకటే. ఆ మినహాయింపే లోపం ఎక్కడుందో సూచించింది. రెప్రోను ఒక్క ఉదాహరణ దగ్గర ఆపకుండా దాని హద్దులు వెతికితే కలిగే ప్రయోజనం ఇది. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో సవరణ విడుదల చేసింది.

అదే ఐత్వం ప్యాకేజీల్లో వేరే రకంగా ఇబ్బంది పెడుతుంది. యూనికోడ్‌లో దాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు, లేదా ఎత్వం, దాని కిందికి వచ్చే ఐత్వపు గుర్తు అని రెండుగా విడదీయవచ్చు. ప్రమాణం దృష్టిలో రెండూ సమానం, బైట్లలో కాదు. హైదరాబాద్ అనే పేరు మొదటి రూపంలో 27 బైట్లు, రెండో రూపంలో 30. మ్యాక్‌లోని పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైలు వ్యవస్థ ఫైలు పేర్లను విడదీసిన రూపంలోనే దాచేది. ప్యాకేజీ చిట్టాలో ఒక రూపం, డిస్కు మీద ఇంకో రూపం ఉంటే బైట్లు పోల్చి చూసే ప్రోగ్రామ్‌కు ఫైలు దొరకదు. గుడుపల్లెకు ఈ బాధ లేదు, ఆ పేరులో ఐత్వం లేదు. హైదరాబాద్‌కు ఉంది.

రిపోర్టులో ఏం ఉండాలి

కుప్పం దగ్గర గుడివంకలో అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్‌కు 172 ఎకరాల సైన్స్ ప్రాంగణం ఉంది. ప్రభుత్వ బడి పిల్లలు అక్కడ పుస్తకంలోని ప్రయోగాన్ని తమ చేతులతో మళ్లీ చేసి చూస్తారు. బగ్ రిపోర్టు కూడా ప్రయోగం రాసుకున్న పుస్తకంలా ఉండాలి. చదివినవాళ్లు అదే పని చేస్తే అదే ఫలితం రావాలి.

మెటాడేటా విషయంలో మొదటి నియమం ఫైలును ఫైలుగానే పంపడం. చాట్‌లో అతికిస్తే కొటేషన్ గుర్తులు వంకర తిరుగుతాయి, ఖాళీలు మారతాయి, లైను చివరి గుర్తులు విండోస్‌కు ఒకలా లినక్స్‌కు ఒకలా అయిపోతాయి. ఫోటో పంపితే బైట్లు అసలే పోతాయి. రెండోది పరిసరాలు: ఆపరేటింగ్ సిస్టమ్, దాని భాషా అమరిక, పార్సర్ వెర్షన్, ప్యాకేజీని కట్టిన పరికరం వెర్షన్. భాషా అమరిక చిన్న విషయంలా కనబడుతుంది గానీ టర్కిష్ అమరికలో ఇంగ్లీషు పెద్ద ‘ఐ’ని చిన్నదిగా మారిస్తే చుక్కలేని వేరే అక్షరం వస్తుంది. ప్యాకేజీ పేర్లను చిన్నక్షరాల్లోకి మార్చి పోల్చే ఎన్నో ప్రోగ్రామ్‌లు అక్కడ బోల్తా పడ్డాయి. 2013లో కంటైనర్లను నడిపే డాకర్ వచ్చాక పరిసరాలన్నిటినీ ఒక చిన్న ఫైలులో రాసి పంపడం తేలికైంది. డెబియన్ పాత ప్యాకేజీలు తేదీల వారీగా ఒక భాండాగారంలో భద్రంగా ఉండటం వల్ల ఫలానా రోజున ఉన్న స్థితిని తిరిగి నిలబెట్టడమూ సాధ్యమే.

రెప్రో దొరికిన తర్వాత దాన్ని పారేయకూడదు. అది పరీక్షగా మారి ప్రోగ్రామ్ వెంటే ఉండాలి. సవరణకు ముందు ఆ పరీక్ష తప్పాలి, తర్వాత నెగ్గాలి. ముందు తప్పడం చూడకుండా తర్వాత నెగ్గిందని సంతోషించడంలో అర్థం లేదు. అసలా పరీక్ష ఆ బగ్‌ను తాకిందో లేదో అప్పటికి ఎవరికీ తెలియదు.

పరీక్షల్లో వాడే పేర్ల సంగతి చూస్తే తెలుగువాళ్లు చేయగలిగింది చాలా ఉంది. పరదేశపు ప్రోగ్రామర్లు యూనికోడ్ పరీక్ష అనగానే యాక్సెంటు ఉన్న ఒక ఫ్రెంచి అక్షరమో, ఒక ఎమోజీయో పెట్టి ముగిస్తారు. ఫ్రెంచి యాక్సెంట్లు విండోస్-1252లో భద్రంగా ఉన్నవే. మన కొమ్ము, మన పొల్లు ఎక్కడ పడతాయో వాళ్లకు తోచే అవకాశం తక్కువ. 2002లోనే హ్యూలెట్ ప్యాకర్డ్ ఐ-కమ్యూనిటీ పేరుతో కంప్యూటర్లు చేరిన కుప్పం ప్రాంతం నుంచి ఇవాళ బెంగళూరు కంపెనీల్లో పనిచేసేవాళ్లకు ఇది చేతిలో పని. మీరు వాడే ప్యాకేజీ పార్సర్‌కు ఒక పరీక్ష రాసి పంపండి. అందులో నాలుగు పేర్లు చాలు: ఆగిపోయే గుడుపల్లె, ఆగకుండా చెడిపోయే కడప, రెండు రూపాల హైదరాబాద్, కనబడని సంకేతంతో కూడిన జ్ఞా. పేర్లను టైప్ చేసి వదిలేయకండి, బైట్లను అంకెల్లో కూడా రాయండి. గుడుపల్లెకు మొదటి ఆరు ఇవి: 224, 176, 151, 224, 177, 129.